ఊరకుండే సామి ముఖం మీద ఎండ

ఎండ అప్పుడే గడప దాటింది. గడప నుంచి సామి ముఖం దాకా ఎక్కడానికి గంటసేపు పడుతుందని భువన చెప్పింది. ఆ గంటసేపూ దేన్నీ ముట్టకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా గోడవార కూర్చోమని కూడా చెప్పింది. ఊరికే కూర్చోవడం హులిగెమ్మకు చేతకాని పని. ఆమె కూర్చుంటే ఆమె మనసు లేస్తుంది. లేచి ఎక్కడెక్కడికో పోతుంది, పోయిన చోటల్లా ఏదో ఒక కీడు కనిపెట్టి ఒళ్లో తెచ్చి పడేస్తుంది. ఇప్పుడు పైకప్పు వైపు పోయింది. గోడలన్నీ పాత ఇటుక, ఒక్కో ఇటుక చిన్నపిల్లల పలకంత ఉంది, పదిహేను వందల ఏండ్ల నాటిదని బయట బోర్డు మీద రాశారు. ఆ ఇటుక మీద ఇనుప కమ్ములు, కమ్ముల మీద రేకులు. ఇన్ని వందల ఏండ్లు నిలబడిన గోడ ఈ పొద్దే ఎందుకు కూలుతుందని ఎవరైనా అడగొచ్చు. ఈ పొద్దు తన కూతురు దాని కింద ఉంది కాబట్టి, అని హులిగెమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

ఆ కూతురు మూడు కాళ్ల స్టాండు ముందు మోకాళ్ల మీద కూర్చుని కెమెరాలోకి చూస్తోంది, లేస్తోంది, స్టాండును వేలెడంత జరుపుతోంది, మళ్లీ కూర్చుంటోంది. జడ ముందుకు పడితే వెనక్కి విసురుతోంది. ఇంటి దగ్గర చీపురు పట్టమంటే నడుం నొప్పి అనే పిల్ల. ఆదోనిలో పెండ్లి ఫోటోలు తీసే స్టూడియోలో పని. తలంబ్రాలు, అప్పగింతలు, భోజనాల బంతిలో మూతులు తుడుచుకునే పిల్లలు, ఇవన్నీ తీసీ తీసీ విసుగెత్తిందో ఏమో, కర్నూలులో ఎవరో సారు బౌద్ధుల పాత గుళ్ల మీద బొమ్మల పుస్తకం వేస్తున్నాడని విని తానే పోయి కలిసింది. ఆత్మకూరు దాటినాక నల్లమల అంచున ఒక గుడి ఉంది, ఇప్పుడది మ్యూజియం, దసరా పోయిన ఈ రోజుల్లోనే అక్కడ బుద్ధుడి ముఖం మీద సాయంకాలపు ఎండ నేరుగా పడుతుంది, అది తీసుకురా చూద్దాం, అన్నాడట ఆయన. నచ్చితే ఏడాది పొడుగునా తిరిగే పని. కొండలు, గుట్టలు, మనిషి అలికిడి లేని చోట్లు. ఆ మాట విన్న నాటి నుంచి హులిగెమ్మకు ముద్ద గొంతు దిగడం లేదు. గుట్ట ఎక్కుతూ కాలు జారిన భువన, పుట్ట పక్కన తెలియక కూర్చున్న భువన, చివరి బస్సు తప్పిపోయిన భువన, ఫోను కలవని భువన, ఇంతమంది భువనలు రోజూ ఆమె తలలో ఆపదల్లో పడుతుంటారు, ఇంట్లో ఉన్న భువన మాత్రం కంచం ముందర కూర్చుని పప్పులో ఉప్పు చాల్లేదంటుంది.

పొద్దున బస్సులో అందరూ శ్రీశైలం పోయేవాళ్లే. మల్లన్నా అని ఎవరో అరిస్తే బస్సంతా అరిచింది, హులిగెమ్మ కూడా అరిచింది, అరిచినాక తాము శ్రీశైలం దాకా పోవడం లేదని గుర్తొచ్చి భయపడింది. దేవుడి బస్సెక్కి మధ్యలో దిగిపోవడం మంచిదేనా? కిటికీలోంచి పత్తి చేలు తెల్లగా పగిలి ఉన్నాయి, వాగుల పక్కన రెల్లు పూసి ఊగుతోంది, వానలు కడిగి పోయిన ఆకాశం అంత నీలంగా ఉన్నా ఆమె పైకి బాగుందని అనలేదు. రోడ్డు పక్కన సీతాఫలాలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఒక పండు చేతిలో పెట్టుకుని భువన అప్పుడే అంది ఆ మాట.

"సారుకు నచ్చేది తరువాత సంగతి మా. ముందు నువ్వు చూడు. చూసి నోరు తెరిచి చెప్పు. బాగలేదంటివా, నేను రానని సారుకు చెప్పేస్తా. పెండ్లిండ్లు తీసుకుంటా ఆదోనిలోనే ఉంటా. ఇంగ నిన్నెప్పుడూ అడగను."

ఎంత సులువు. ఒక్క మాట. ఆ మాట హులిగెమ్మకు కొత్త కూడా కాదు. ఇన్నేండ్లూ భువన ఏ ఫోటో తెచ్చి చూపించినా ఆమె దాంట్లో తప్పు వెతికింది. పక్కన చీకటి పడిండాది. తల తెగినట్టుండాది. ఎర్రగా వచ్చిండాది. ఈ పొద్దు కూడా ఏదో ఒకటి దొరక్కపోదు, అంటే చాలు, ఏడాది ఏడాదంతా తన కొంగు కింద ఉంటుంది. అయితే ఇంత సులువైన మాట బస్సు దిగినప్పటి నుంచీ గొంతులో ముల్లులా ఎందుకు అడ్డం పడిందో ఆమెకు తెలియడం లేదు.

ఎండ నేల మీద చాపలా పరుచుకుని గాజు పెట్టెల దాకా వచ్చింది. పెట్టెల్లో మట్టి పూసలు, సన్యాసులు అడుక్కుతిన్న పాత్రల పెంకులు, సగం విరిగిన రాతి చక్రం. వాటి వెనక, మెట్టంత ఎత్తు అరుగు మీద, సారు చెప్పిన ఆ బుద్ధుడు. లోపలికి వచ్చినప్పటి నుంచి హులిగెమ్మ ఆయన్ను నేరుగా చూడలేదు, పక్క నుంచి చూసింది, పైట సర్దుకుంటూ చూసింది. ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన్ను ఊరకుండే సామి అంటారని వాచ్‌మన్ ఏసేపు టికెట్టు చింపుతూ చెప్పాడు. ఏమీ అడగడు, వరమివ్వడు, కోపగించుకోడు, ఊరకుంటాడు. మొన్నమొన్నటి దాకా ఆముదం పూసి, పసుపు రాసి మొక్కేవాళ్లట. తరువాత పురావస్తు శాఖ వాళ్లు వచ్చి, జిడ్డంతా కడిగి, కూలిన గుడికి రేకులు వేసి, మ్యూజియం చేశారట. కడిగితే లోపలి నుంచి ఈ రంగు బయటపడింది. తెలుపు అనలేము, పచ్చ అనలేము, లేత జొన్న గింజ పాలు పోసుకునేటప్పుడు ఉండే రంగు.

రాయి అంటే హులిగెమ్మకు తెలుసు. మొగుడు ఓబులేష్ బేతంచెర్ల నాపరాళ్ల గనిలో పనిచేశాడు. రాయంటే పొరలు, దుమ్ము, దగ్గు, మీద పడేది. పదిమంది ఎత్తే బండను మా ఆయన ఒక్కడే కదిలిస్తాడని ఒకసారి బోరింగు దగ్గర నలుగురిలో అంది, కొత్త పెండ్లాం గదా, మురిసిపోయి అంది. ఆ వారంలోనే బండ జారి ఓబులేష్ మోకాలు చితికింది. నీ కన్నేనే, నీ నోరేనే, అన్నది వాళ్లమ్మ రామేశ్వరమ్మ. కట్టుకున్నదాని దిష్టి, కన్నతల్లి దిష్టి, ఈ రెంటికీ మందు లేదంది. రామేశ్వరమ్మ గుమ్మడి తీగకు కూడా మసికుండ కట్టే మనిషి, ఈనిన బర్రె పొదుగుకు బొట్టు పెట్టే మనిషి. ఆనాటి నుంచి హులిగెమ్మ ఎవరినీ, దేన్నీ పైకి మెచ్చుకోలేదు. భువన పుట్టినప్పుడు మంత్రసాని ఎత్తి చూపిస్తే, ఆ గుప్పిళ్లు, ఆ కనురెప్పలు చూసి గుండె నిండిపోయి, ముక్కు చప్పిడిగా ఉండాది, అంది. కాటుక తీసి అరికాలికి చుక్క పెట్టింది. ఇప్పటికీ పెడుతుంది. ఈ పొద్దు తెల్లవారుజామున పిల్ల నిద్రలో ఉండగా పెట్టింది. కొత్త కెమెరాకు కూడా అడుగున పెట్టింది, అది చూసి భువన ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచింది.

మనిషి మీద పడే అలాంటి రాయేనా ఇది? ఆమె లేచింది. కూర్చోమని చెప్పిన సంగతి మరిచిపోయి అరుగు దగ్గరికి పోయింది. కూర్చున్న మనిషి, మఠం వేసుకున్న కాళ్లు, అరికాళ్లు పైకి తిరిగి ఉన్నాయి. భుజం మీంచి పలచటి పంచె, రాతిలో పంచె ఎలా మడత పడిందో, తడి బట్ట ఒంటికి అంటుకున్నట్టు ఉంది. మోకాలి మీద వాలిన చెయ్యి, ఆ చేతికి రెండు వేళ్లు లేవు. గొంతు మీద మూడు ముడతలు, పాలు తాగి బలిసిన బిడ్డకు పడేలాంటివి. చెక్కినవాడికి పిల్లలుండి ఉంటారు. లేకపోతే మడమ మీద ఆ మెత్తదనం ఎలా తెలుస్తుంది? దుమ్ము తిని, దగ్గుకుంటూ, వాడి పెండ్లాం రాగి సంగటి మూట గట్టి పంపిస్తే తిని, మళ్లీ ఉలి పట్టుకుని ఆ మడమ దగ్గర ఎన్ని రోజులు కూర్చున్నాడో. రాయి పగలకుండా ఉండాలని ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టాడో. అబ్బా, అంది హులిగెమ్మ. పైకే అంది. ఎంత బాగుండాడప్పా. అని నాలుక కరుచుకుంది. నోట్లోంచి పోయిన మాట పోయింది. ఆమె చెయ్యి దానంతటది పోయి రొంటిన దోపుకున్న కాటుక భరిణె తీసింది, చూపుడువేలు అద్దింది, సామి అరికాలి గుంటలో చిన్న చుక్క పెట్టింది.

"ఓయమ్మా! ఏం చేస్తాండావు?"

ఏసేపు. ఖాకీ చొక్కా, మెడలో దారానికి కట్టుకున్న చిన్న కొయ్య సిలువ. కుర్చీ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం లేదన్నా."

"ఏం లేకుంటే ఆ నలుపేంది? ముట్టగాకండని అంత బోర్డు పెట్టినారే. చదువొచ్చునా?"

"ఐదో తరగతి."

"బోర్డు అంతకంటే తక్కువ చదువుకే రాసినారు లేమ్మా."

అయిపోయింది, అనుకుంది హులిగెమ్మ. సారుకు తెలుస్తుంది, పోలీసులొస్తారు, కెమెరా లాక్కుంటారు, పిల్లను జీపెక్కిస్తారు, ఆదోనిలో స్టూడియో పని కూడా పోతుంది. "దిష్టి చుక్కన్నా," అంది. "నా కన్ను మంచిది కాదు. నేను చూసి బాగుండాది అనుకుంటే దానికేదో ఒకటి అవుతాది. ఈ సామి శానా బాగుండాడు గదా. నోరు జారి అనేస్తి. అందుకని."

ఏసేపు ఆమె వైపు చూశాడు, సామి వైపు చూశాడు. కోపగించుకోవాలనే మొదలుపెట్టాడు కానీ నవ్వొచ్చింది. "ఎన్ని రాజ్యాలు పోయినా ఈయన ఉండాడు తల్లీ. ఇంగ నీ కన్నొకటే తక్కువైనాదా ఆయనకు?"

తడిగుడ్డ తెచ్చి అద్దాడు, రుద్దలేదు, బిడ్డ నోరు తుడిచినట్టు అద్దాడు. చుక్క చాలావరకు పోయింది. గుంటలో బూడిదరంగు నీడ మిగిలింది. చాల్లే, గట్టిగా రుద్దితే ఆయనకే నొప్పి, అన్నాడు. అప్పుడు హులిగెమ్మ తల తిప్పి చూస్తే భువన కెమెరా వదిలేసి నిలబడి ఉంది. అరుస్తుందనుకుంది. అరిచి ఉంటే బాగుండేది.

"రాయిని చూసి ఇంత మాటంటివి," అంది భువన, మెల్లగా. "నన్నెప్పుడన్నా అన్నావా మా? ఈరేష్ మామ కూతురి పెండ్లి ఫోటో చూసి ఊరంతా బాగుండాదంటే నువ్వేమంటివి?"

హులిగెమ్మకు గుర్తుంది. "పందిట్లో గుంజ వంకరగా పడింది అంటి."

"అంతేనా?"

"వంకరగా పడింది గదే."

"పడింది లే," అని భువన మళ్లీ స్టాండు దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుంది. వీపు ఇటు తిప్పి కూర్చుంది. ఆ వీపు సన్నగా, నిటారుగా, ఏమీ అడగని వీపు. నోట్లో ఉన్న జవాబును హులిగెమ్మ అటు ఇటు తిప్పింది. అనలేదు గదా అమ్మణ్ణీ, అంటే నీకేమన్నా అవుతాదని గదా, నీ మీద ప్రేమ లేకనా? ఇలాంటివి చెప్పడం ఆమెకు రాదు. ఎప్పుడూ చెప్పింది లేదు.

ఎండ అరుగు మెట్టెక్కింది. సామి అరికాళ్ల మీదికి వచ్చి ఆగినట్టే ఆగి పాకింది. ఏసేపు కుర్చీ తెచ్చుకుని ఆమెకు కొంచెం దూరంలో వేసుకున్నాడు, ఇంక కాపలా ఈమెకే కాయాలనుకున్నాడేమో. హులిగెమ్మకు ఆ విరిగిన వేళ్ల మీది నుంచి చూపు రావడం లేదు. ఎవరి కన్ను పడిందో పాపం. ఎంత పాడు కన్నో. తన లాంటిదే.

"అన్నా, ఆ వేళ్లకు ఎవరి దిష్టి తగిలింది?"

"దిష్టా!" అన్నాడు ఏసేపు. "దిష్టి తగిలేదానికి చూసినోళ్లెవరమ్మా? అప్పుడు ఆయన గుడి బయట చేలో బోర్లా పడి మట్టిలో ఉండె. మా తాత కాలంలో బసవన్న అని ఒక రైతు కొర్ర వేసేదానికి దున్నుతాంటే నాగటి కర్రు తగిలి వేళ్లు పోయినాయి. పైకి లేపి గుళ్లో కూచోబెట్టినాంక ఒక్క పెచ్చు ఊడలేదు. చూసేటోళ్లు చూస్తానే ఉండారు, అబ్బా అనేటోళ్లు అంటానే ఉండారు. ఈ పొద్దు నువ్వూ అంటివి."

మట్టిలో. హులిగెమ్మ ఆ మాట పట్టుకుని కూర్చుంది. ఎవరికీ కనపడకుండా, ఏ కన్నూ తగలకుండా, తాను కోరుకునే చోటే కదా అది. పైన వానలు కురిశాయి, చేలు పండాయి, జనం నడిచి పోయారు, కింద ఇంత అందం బోర్లా పడి ఉంటే అది ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. ఉందని తెలిసుంటే బసవన్న అక్కడ నాగలి పెట్టేవాడా? పాపం అతడికేం తెలుసు, వట్టి నేల అనుకున్నాడు. భువన ఏమనుకుని ఉంటుంది ఇన్నేండ్లూ? అమ్మ దగ్గర తనకు వట్టి నేలే అనుకుని ఉంటుందా? మసికుండల అత్త, రామేశ్వరమ్మ, పోయేముందు బోసినోటితో నవ్వుతుంటే భువన తీసిన ఫోటో ఇంట్లో గోడ మీద ఉంది. హులిగెమ్మ రోజూ పొయ్యి ముట్టించేముందు దాన్ని చూస్తుంది. అత్త బతికున్నప్పుడు ఎన్నడూ అంత నవ్వలేదు, నవ్వితే ఎవరి కన్నో పడుతుందని కొంగు అడ్డం పెట్టుకునేది, ఆ ఒక్క క్షణం కొంగు జారితే ఈ పిల్ల పట్టుకుంది. అది చూసి తానేమంది? పండ్లు లేనిదాన్ని యాల తీస్తివి, అంది. ఓబులేష్ వంకర కాలు చాపుకుని డాబా మీద మిరపకాయలు ఆరబోస్తుంటే తీసింది, ఆ ఎరుపు మధ్య మనిషి రాజులా ఉన్నాడు. ఎర్రగా వచ్చిండాది, అంది. పెండ్లి ఫోటోలో ఈరేష్ కూతురు అప్పగింతలప్పుడు వాళ్ల నాయన చెయ్యి పట్టుకున్న పట్టు, ఆ పట్టు చూసి హులిగెమ్మ దొడ్లోకి పోయి ఏడ్చి వచ్చింది. వచ్చి, గుంజ వంకరగా పడింది, అంది.

మబ్బు తునక ఒకటి ఎండకు అడ్డం వచ్చింది. గుడంతా గప్పున చీకటి పడింది. భువన నోటి నుంచి అయ్యో అని చిన్న మాట వచ్చింది. ఇది హులిగెమ్మకు కావలసిందే, ఫోటో రాకపోతే గొడవే లేదు, మబ్బు పట్టడం తల్లి తప్పు కాదు, పిల్ల తప్పు కాదు. అయినా ఆమె పెదవులు కదులుతున్నాయి. పో, పో, అంటున్నాయి. ఊరకుండే సామీ, ఏమడిగినా ఇవ్వవంట, నేను నిన్ను అడిగేది లేదు, ఆ మబ్బుకు చెబుతాండా, జరుగు. మల్లన్నా, నీ బస్సు మధ్యలో దిగితి, తప్పే, దాన్ని జరుపు. ఏసేపు కూడా కండ్లు మూసుకుని ఏదో గొణిగాడు, ప్రభువా అన్న మాట ఒక్కటే వినపడింది. మబ్బు ఎవరి మాట విన్నదో తెలియదు, జరిగింది.

ఎండ మోకాలెక్కింది. విరిగిన వేళ్ల మొదళ్లు బంగారు రంగు తిరిగాయి. పంచె మడతల్లో ఒక్కో మడతా వెలిగి పైదానికి అందించింది. గొంతు ముడతలు. గడ్డం. పెదవుల దగ్గరికి వచ్చేసరికి హులిగెమ్మ నిలబడింది. ఏసేపు నిలబడ్డాడు, రోజూ చూసేవాడే, నిలబడ్డాడు. సగం మూసిన ఆ రాతి కండ్ల కింద వెలుగు చేరి, రెప్పల మీది నీడ పైకి జరిగి, ఊరకుండేవాడు ఇప్పుడే ఏదో అనబోతున్నట్టు ముఖమంతా కదిలింది. భువన ఒకసారి నొక్కింది. ఆగింది. ఊపిరి బిగబట్టింది. మడమ దగ్గర కూర్చున్న ఆ ఉలివాడు కూడా ఇట్లాగే బిగబట్టి ఉంటాడు. మళ్లీ నొక్కింది. ఇంతసేపట్లో మొదటిసారి హులిగెమ్మ కూతురికి ఏమవుతుందోనని చూడలేదు, కూతురు ఏం చేస్తోందో చూసింది. నేల మీద ఆ మోకాళ్లు, కెమెరా చుట్టూ ఆ వేళ్లు, అదురూ బెదురూ లేని ఆ వేళ్లు, ఇవి నా కడుపున పుట్టిన వేళ్లు అనుకుంది.

ఎండ నుదురు దాటి గోడెక్కి, ఎర్రబడి, పోయింది.

భువన కెమెరా తెచ్చి ఆమె ముందు పెట్టింది. దాని వెనక అరచేయంత అద్దంలో ఆ ముఖం. ఇందాక ఎదురుగా చూసినదే, కానీ ఎదురుగా చూసినప్పుడు కనపడనిది ఒకటి ఇందులో ఉంది, ఎడమ పెదవి చివర నవ్వు మొదలయ్యే చోటు. మొదలు కాలేదు, మొదలయ్యే చోటు మాత్రమే. పిల్ల దాన్ని ఎక్కడ చూసింది, ఎలా చూసింది? ఇంకోటి కూడా కనపడింది హులిగెమ్మకు, ఇన్నేండ్ల అలవాటు కదా. పైకప్పు కమ్మి నీడ సామి కుడిభుజం మీద అడ్డంగా పడింది. నిజంగానే పడింది. నీడ పడిండాది, అంటే చాలు. నాలుక మీదే ఉంది మాట. అంటే పిల్ల అవునని తలూపి కెమెరా సంచిలో పెట్టేస్తుంది, చీకటి పడకముందే బస్సు దొరుకుతుంది, ఇంటికి పోతారు, ఇంక ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగరు.

"బాగుండాది," అంది హులిగెమ్మ.

భువన తలెత్తింది. "ఏందీ?"

"బాగుండాది అంటాండా. శానా బాగుండాది. ఆ నవ్వు మొదలయ్యేది నాకు కనపడనే లేదు, నీకు యాడ కనపడిందే?" ఆమె పైకప్పు వైపు ఒకసారి చూసింది. పైనుంచి ఏది పడుతుందో, ఎటు నుంచి ఏమొస్తుందో అని భయం, నోరు మాత్రం ఆగడం లేదు. "మీ అవ్వ నవ్వేది కూడా బాగుండాది. రోజూ చూస్తా దాన్ని. మీ నాయన మిరపకాయలది, రాజు మాదిరి ఉండాడు దాంట్లో. ఈరేష్ కూతురు వాళ్ల నాయన చెయ్యి పట్టుకున్నేది చూసి దొడ్లోకి పోయి ఏడిస్తి నేను. గుంజ వంకరైతే ఏమైతాది, గుంజ మొగం ఎవరు చూస్తారు?"

ఏసేపు తలుపు మూయడానికి పోయినవాడు పోయినట్టే ఆగిపోయాడు. భువన రెండు చేతులతో కెమెరా పొట్టకు హత్తుకుని నిలబడింది, ముక్కుపుటాలు అదురుతున్నాయి, చిన్నప్పుడు ఏడుపు ఆపుకునేటప్పుడు అదిరినట్టే.

"అయితే సారుకు వస్తానని చెప్పేదా?"

"చెప్పు."

"ఏడాది మా. గుట్టలెక్కల్ల. ఒక్కదాన్నే పోవల్ల."

"తెలుసు లే. చెప్పమంటి గదా. ఇంగా ఏమంటే, నువ్వు అట్ల మోకాళ్ల మీద కూచుని ఊపిరి పట్టి నొక్కుతాంటే చూస్తి ఈ పొద్దు. నా కండ్లతో నేనే చూస్తి. ఎంత బాగుండావో తెలుసునా?"

"చాలు మా," అంది భువన, నవ్వుతోనో ఏడుపుతోనో. "ఇంగ ఆపు. దిష్టి తగులుతాది నాకు."

"తగిలితే తగలనీ," అంది హులిగెమ్మ. కూతురి చెయ్యి పట్టుకుని గడప దాటింది. "ఇంగా శానా ఉండాయి. పుట్టినప్పట్నుంచీ ఉండాయి. బస్సు వచ్చేలోపల విను."